కాగితంలో లేని నీళ్ళు

ఆ సోమవారం ఉదయం కూడా ఎవ్దోకియా కలాండిస్ ఇంట్లో అన్నీ ఎప్పటిలాగే మొదలయ్యాయి. ఆమె ఆరింటికి లేచి, దేవమాత పనగియా పటం ముందు నూనె దీపం వెలిగించి, సిలువ గుర్తు వేసుకుని, పొడుగు కాడ ఉన్న ఇత్తడి గిన్నెలో కాఫీ పొంగించింది. వంటింటి కిటికీ తెరవగానే నారింజ పూల వాసన గుప్పుమంది. అక్టోబరు అంటే ఇక్కడ వసంతం, నది ఒడ్డునున్న బారమెరా ఊరి పక్కన ఏ తోటలో ఏ కిటికీ తెరిచినా ఇదే వాసన. నలభై మూడేళ్ళుగా పీలుస్తున్నా ఆమెకి ఇంకా మొహం మొత్తలేదు.

ఎవ్దోకియాకి అరవై నాలుగేళ్ళు. భర్త స్తమాతిస్ పోయి మూడేళ్ళయింది. కొడుకు లెఫ్తేరిస్, కోడలు టామ్సిన్, అయిదేళ్ళ మనవరాలు ఎవీ, తను. ఇంతే సంసారం. ఈ ఇంట్లో తనకి తెలియకుండా కోడి గుడ్డు కూడా పెట్టదని ఆమె గట్టి నమ్మకం.

టామ్సిన్ నర్సు బట్టల్లో, ఒక చేత్తో కాఫీ తాగుతూ రెండో చేత్తో పిల్ల జుట్టు దువ్వుతోంది. ఆమె వీళ్ళలా గ్రీకుల పిల్ల కాదు, నది అవతలి ఒడ్డున తోట చేసుకున్న మాడ్డర్న్ వాళ్ళమ్మాయి. పెళ్ళయిన కొత్తలో అత్తగారిని ‘మిసెస్ కలాండిస్’ అని పిలిచేది. ఎవీ పుట్టాక పిల్లతో పాటు తనూ ‘యాయా’ అనడం మొదలుపెట్టింది. యాయా అంటే నానమ్మ. ఆ పిలుపు మొదటిసారి విన్న రోజున ఎవ్దోకియా గిన్నెలు తోముతున్నట్టు నటించి కళ్ళు తుడుచుకుంది కానీ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

"యాయా, గురువారం మధ్యాహ్నం ఎవీని బడి నుంచి మీరు తీసుకొస్తారా? నాకూ లెఫ్తీకీ బెర్రీ టౌన్లో పనుంది," అంది టామ్సిన్.

"తెస్తాలే. ఏం పని?"

"లాయరు దగ్గరికి. పెళ్ళికి ముందు సంతకాలు పెట్టాం కదా, ఆ ఒప్పందం మార్చి కొత్తది రాసుకుంటున్నాం. ఎవీ, కదలకు! అయ్యో, ఏడున్నర అయిపోయింది. సాయంత్రం మాట్లాడుకుందాం యాయా."

కోడలు పిల్లనీ సంచీనీ చంకనేసుకుని కారెక్కి వెళ్ళిపోయింది. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న కొడుకు వైపు తిరిగింది ఎవ్దోకియా.

"ఏంట్రా ఇది?"

"సాయంత్రం చెబుతానమ్మా. పండు కోసేవాళ్ళు ఎదురుచూస్తున్నారు," అని అతను ఒక బూటు లేసు కట్టుకోకుండానే షెడ్డు వైపు నడిచాడు.

ఆమె చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఒప్పందం మారుస్తారట. ఎందుకు మారుస్తారు? కలిసి బతికేవాళ్ళకి దానితో పనేముంది? విడిపోయేవాళ్ళకి గానీ!

విడిపోతే కోడలికి తోటలో వాటా ఉండదని ఆ కాగితం రాయించింది ఆమే. ఎనిమిదేళ్ళ కిందట స్నేహితురాలు కూలా కొడుక్కి విడాకులయ్యాయి. కోడలి వాటా ఇవ్వడానికి సగం తోట అమ్మాల్సొచ్చింది. కొన్నవాడు చెట్లన్నీ పీకించి పోగులు పెట్టి తగలబెట్టాడు. ఆ పొగ రెండు రోజులు ఎవ్దోకియా వంటింట్లోకి వచ్చింది. ఆ రెండు రోజుల్లోనే ఆమె నిర్ణయించుకుంది, లెఫ్తేరిస్‌ని చేసుకునే పిల్ల ముందు సంతకం పెట్టాలి, ఆ తర్వాతే గుడికి రావాలి అని.

ఇప్పుడామె కూలాకే ఫోన్ చేసింది.

"మారుస్తానందా?" కూలా గొంతు పెద్దది, ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా వినిపిస్తుంది. "అయిపోయిందే ఎవ్దోకియా, నీ పని! నా కోడలు కూడా అంతే. నవ్వుతూ నవ్వుతూ లాయరు పేరెత్తింది, వారం తిరక్కుండా సామాన్ల లారీ తెచ్చింది. ఆ కాగితం ఎక్కడుంది? భద్రంగా ఉందా?"

భద్రంగానే ఉంది. ఎవ్దోకియా పడకగదిలో మంచం పైన గోడకి అద్దాల పెట్టె ఒకటి వేలాడుతుంది. అందులో ఆమె పెళ్ళి కిరీటాలు, నలభై మూడేళ్ళ కిందట గుడిలో ఆమె తలమీదా స్తమాతిస్ తలమీదా మూడుసార్లు మార్చి మార్చి పెట్టిన రెండు తెల్లటి పూల వలయాలు, వాటిని కలుపుతూ ఒక పట్టు రిబ్బను ఉన్నాయి. ఆ పెట్టె వెనక మఖమలు గుడ్డ కిందే ఆమె కోడలి ఒప్పందం దాచింది. ఇంట్లో అంతకంటే పవిత్రమైన చోటు ఆమెకి తోచలేదు మరి. పెళ్ళి కిరీటాల కింద విడాకుల కాగితం దాచుకున్న మనిషి ఈ నది పొడుగునా ఇంకెవరైనా ఉంటే చెప్పాలి.

కళ్ళద్దాలు పెట్టుకుని మంచం మీద కూర్చుని చదివింది. కొడుక్కి రాబోయే ఆస్తి జాబితా ఇది, ఆమె స్వయంగా లాయరు డూకాస్‌కి వేళ్ళు మడిచి మరీ చెప్పి రాయించింది. ఇరవై మూడు ఎకరాల తోట. ఇల్లు. షెడ్డు. రెండు ట్రాక్టర్లు. పండ్లు వేరుచేసే యంత్రం. పంపు, గొట్టాలు. తన అత్తగారి రాగి కాగు. కోళ్ళ గూడు. అవును, కోళ్ళ గూడు కూడా. డూకాస్ నవ్వితే, "నవ్వకు, రాయి," అని గదమాయించింది.

మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది.

అందులో నీళ్ళు లేవు.

ఆమె కాపరానికొచ్చిన రోజుల్లో తోట అంటే నీళ్ళతో సహా తోట. భూమి కొంటే నదిలో నీటివాటా దానితోపాటు వచ్చేది, చెట్టు కొంటే నీడ వచ్చినట్టు. ఆ తర్వాత ప్రభుత్వం రెండింటినీ విడదీసింది. భూమి వేరే ఆస్తి, నీటివాటా వేరే ఆస్తి. భూమి ఉంచుకుని నీళ్ళు అమ్ముకోవచ్చు. ఈ సంగతి ఆమె విన్నది, రేడియోలో తిట్టుకుంది కూడా. కానీ జాబితా చెబుతున్నప్పుడు మాత్రం ఆమె నోటికి నీళ్ళ మాట రాలేదు. తోట అన్నాక నీళ్ళు వేరే చెప్పాలా? పంపు రాయించింది, గొట్టాలు రాయించింది, వాటిలో పారేది మరిచిపోయింది.

నీళ్ళు లేని తోట ఈ ఎండలో ఒక్క వేసవి నిలవదు. ఎనిమిదేళ్ళు కోడలు ఈ పొరపాటు పట్టుకుని కూర్చుంది! కోడలి తరఫు లాయరమ్మ అప్పుడు ప్రతి పేజీ రెండుసార్లు చదివింది, ఎందుకో అనుకుంది తను!

చెప్పులేసుకోవడం కూడా మరిచి, కాగితం పట్టుకుని షెడ్డుకి పరిగెత్తింది.

"లెఫ్తేరిస్! నీళ్ళు రాయలేదురా! మన నీళ్ళు ఈ కాగితంలో లేవు! నీ పెళ్ళాం వాటికే ఎసరు పెట్టింది!"

పండ్ల యంత్రం మోతలో అతనికి వినపడలేదు. స్విచ్చి కట్టేశాడు. దొర్లుతున్న నారింజలు ఎక్కడివక్కడ ఆగాయి. ఆమె మళ్ళీ చెప్పింది. అతను తల్లి కాళ్ళ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, పని చేస్తున్న ఇద్దరినీ కాసేపు బయటికి వెళ్ళమన్నాడు.

"అమ్మా, కూర్చో."

"కూర్చోను. ముందు డూకాస్‌కి ఫోన్ చెయ్యి. మన నీళ్ళు..."

"మన నీళ్ళు లేవమ్మా."

"అదే కదరా నేననేది, కాగితంలో..."

"కాగితంలో కాదు. అసలే లేవు. పెద్ద కరువులో నాన్న అమ్మేశాడు."

ఆమె అక్కడున్న తలకిందుల డబ్బా మీద కూర్చుండిపోయింది.

పెద్ద కరువు ఆమెకి గుర్తుంది. నది బురద చారలా మిగిలింది. చుట్టుపక్కల సగం మంది చెట్లు వదిలేశారు. స్తమాతిస్ మాత్రం ఒక్క చెట్టూ ఎండనివ్వలేదు. ఊళ్ళో అందరికీ ఆమె ఆ సంగతి గొప్పగా చెప్పుకుంది. ఇప్పటికీ చెప్పుకుంటోంది.

"బ్యాంకు వాళ్ళు గుమ్మంలో ఉన్నారమ్మా. నీళ్ళు అమ్మి ఇల్లు నిలబెట్టాడు. ఆ తర్వాత ఏ ఏటికాయేడు కౌలుకి నీళ్ళు తెచ్చి తడిపాడు. నీకు చెప్పొద్దని నా చేత ప్రమాణం చేయించుకున్నాడు."

"అబద్ధం! నీళ్ళు ప్రతిసారీ నేనే కదరా కాలువ ట్రస్టుకి ఫోన్ చేసి అడిగేదాన్ని! ‘కలాండిస్ తోటకి శనివారం ఆరు గంటలు’ అని... ఎన్నేళ్ళు అడిగాను!"

"అడిగేదానివి. ఆ ఏడాదే కదా ఇకనుంచి కంప్యూటర్లో చెయ్యాలి, నీకు రాదు అని నాన్న ఆ పని నీ చేతిలోంచి తీసుకున్నాడు? ఫోను తీసే అమ్మాయి ఎవరి పేరుమీద అని అడుగుతుందేమోనని."

నలభై ఏళ్ళు ఆమె పక్కన పడుకున్న మనిషి. మెంతికూర వాసన పడదన్న సంగతి కూడా దాచలేని మనిషి అనుకుంది తను. అంత బరువు ఒక్కడే ఎలా మోశాడు? ఎందుకు చెప్పలేదు? ఆయన ఎదురుగా ఉంటే నిలదీసేది. సమాధిని ఏం నిలదీస్తుంది?

"మరి ఇప్పుడు? ఇప్పుడు పారుతున్నవి ఎవరివి?"

లెఫ్తేరిస్ ఒక నారింజ తీసి చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు.

"టామ్సిన్‌వి," అన్నాడు చివరికి. "వాళ్ళ తాత తోట కరువులో పోయింది కానీ ఆయన నీటివాటా అమ్మలేదు. మనవరాలికి రాశాడు. మా పెళ్ళయిన మొదటి వేసవి నుంచీ మన చెట్లు తాగుతున్నవి ఆ నీళ్ళే. తను ఒక్క ఏడాది కూడా కౌలు అడగలేదు."

ఎనిమిది వేసవులు. ఎవ్దోకియా ఆ ఎనిమిది వేసవులూ కోడలి ముందు కాఫీ పెడుతూ, మా తోట, మా నీళ్ళు, మా స్తమాతిస్ కరువులో కూడా... అని చెప్పిన ప్రతి మాటా ఆమెకి గుర్తొచ్చింది. ఆ మాటలకి టామ్సిన్ తలూపేది. కోడలు అలా తలూపడం గుర్తొచ్చి ఎవ్దోకియాకి ఒళ్ళంతా మండింది.

సిగ్గుపడాల్సిన చోట కోపం తెచ్చుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. సాయంత్రం నాలుగింటికి టామ్సిన్ డ్యూటీ నుంచి వచ్చి పెరట్లో ఆరిన బట్టలు తీస్తుంటే ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"నాకంతా తెలిసింది. నవ్వుకున్నావా ఎనిమిదేళ్ళూ? ముసలిది పిచ్చిగా వాగుతోంది, దీని ప్రాణం నా గుప్పిట్లో ఉంది అని?"

టామ్సిన్ చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. "లెఫ్తీ చెప్పాడా? యాయా, నేనే చెప్పాలనుకున్నాను..."

"ఏం చెబుతావు? గురువారం కాగితం మార్చి, శుక్రవారం నీళ్ళు కట్టేసి, శనివారం వెళ్ళిపోతానని చెబుతావా? వెళ్ళు! ఎండిపోతే ఎండిపోనీ! నీ దయ మీద బతకమని మాకెవరూ శాపం పెట్టలేదు!"

"వెళ్ళడమా? ఎవరన్నారు వెళతానని?"

"లాయరు దగ్గరికి ఇంకెందుకు పోతారు? నాకు తెలియదా?"

"మీకు తెలియదు!" టామ్సిన్ దుప్పటి బుట్టలో విసిరికొట్టింది. ఈ పిల్ల గొంతు పెంచగా ఎవ్దోకియా ఎప్పుడూ వినలేదు. "మీకు లాయరంటే ఒక్కటే తెలుసు, మెడ మీద కత్తి పెట్టడానికి! పెళ్ళికి నాలుగు రోజుల ముందు, మంగళవారం. మీ వంటింట్లో నేనూ మా అమ్మా కూర్చుని అతిథులకిచ్చే చక్కెర బాదాములు వలగుడ్డల్లో అయిదేసి చొప్పున మూటలు కడుతున్నాం. మీరొచ్చి ఆ పళ్ళెం పక్కకి జరిపారు. ఆ చోట కాగితాలు పెట్టారు. గుర్తుందా?"

గుర్తుంది.

"‘సంతకం లేకపోతే పెళ్ళి లేదు’ అన్నారు. మా అమ్మ ముందు. మెల్‌బోర్న్ నుంచి మీ చుట్టాలు అప్పటికే బయల్దేరారు. నా గౌను మంచం మీద ఉంది. మా లాయరు పెట్టొద్దు అంది, ఈ కాగితంలో నీకు రక్షణ అన్నది ఒక్క వాక్యం లేదు అంది. నేను కారులో కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుని, వెళ్ళి పెట్టాను. మీ కొడుకు మీద ఇష్టంతో పెట్టాను, మిసెస్ కలాండిస్."

ఆ పిలుపు విని ఎవ్దోకియా చెంపదెబ్బ తిన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసింది.

టామ్సిన్ కూడా ఆ మాట అన్నాక ఆగిపోయింది. మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. "గురువారం మీరూ రండి. ఎవీని కూలా గారు తెస్తారు. కాగితంలో ఏముందో మీరే వినండి," అని బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యలో రెండు రోజులు ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మాటల్లేవు. ఎవీ ఒక్కతే, "యాయా, నువ్వు అలిగావా, మా అమ్మ అలిగిందా?" అని ఇద్దరినీ అడిగి, ఎవరూ చెప్పకపోతే కోళ్ళ దగ్గరికి వెళ్ళి వాటితో మాట్లాడుకుంది. ఎవ్దోకియా నిద్రపోలేదు. కిరీటాల పెట్టె వైపు చూడడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

గురువారం బెర్రీలో లాయరాఫీసు. టామ్సిన్ ఒక గదిలోకి వెళ్ళింది, ఆమె లాయరు ప్రిడిల్‌తో. లెఫ్తేరిస్ హాలు అవతలి గదిలోకి వెళ్ళాడు, ముసలి డూకాస్‌తో. ఎవరి లాయరు వాళ్ళకి విడిగా అంతా వివరించి, వివరించానని రాసివ్వకపోతే ఒప్పందం చెల్లదట. ఎవ్దోకియా మధ్యలో బల్ల మీద చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని గంటసేపు కూర్చుంది. పాత కాగితం సంచీలో ఉంది. చివరి ఆయుధం కదా, వదిలి రాలేకపోయింది.

తర్వాత అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. ప్రిడిల్ నలభై ఏళ్ళ సన్నటి మనిషి, మాటల్లో తొందర లేదు.

"ముందు పాత ఒప్పందం సంగతి, మిసెస్ కలాండిస్. మీరు దాని మీద నమ్మకం పెట్టుకున్నారని టామ్సిన్ చెప్పింది. నిజం చెప్పాలి. రేపు వీళ్ళు విడిపోయి కోర్టుకెక్కితే, అది నిలవకపోవచ్చు."

"నిలవదా? సంతకాలున్నాయి!"

"పెళ్ళికి నాలుగు రోజుల ముందు, పెళ్ళి ఆపేస్తామని చెప్పి తీసుకున్న సంతకాలు. ఇంకో దారి లేని మనిషి పెట్టిన సంతకానికి కోర్టు విలువివ్వదు, కొట్టేస్తుంది."

ఎవ్దోకియా డూకాస్ వైపు చూసింది. ఆయన బల్ల మీది గీత ఒకటి వేలితో రుద్దుతూ, "అప్పుడే చెప్పాను కదమ్మా, ఆర్నెల్ల ముందు రాసుకుందాం అని. మీరు వినలేదు," అన్నాడు.

ఎనిమిదేళ్ళు కిరీటాల వెనక దాచి, దీపం పెట్టినప్పుడల్లా ధైర్యం తెచ్చుకున్న కాగితం. అది ఆమె తోటని ఒక్క రోజు కూడా కాపాడలేదు.

"ఇక కొత్తది," అంది ప్రిడిల్. "వీళ్ళు విడిపోవాలనుకోవడం లేదు. బాదం తోటల కంపెనీ ఒకటి టామ్సిన్ నీటివాటాకి పెద్ద ధర చెప్పింది. ఆమె అన్నయ్య అమ్మమంటున్నాడు. ఆమె వద్దంది. కానీ రేపు ఆమెకేమైనా అయితే, లేదా వీళ్ళ మధ్య ఏమైనా వస్తే, భూమి ఒక వైపు, నీళ్ళు ఒక వైపు పోతాయి. అప్పుడు రెండూ ఎవరికీ పనికిరావు. అందుకని రాసుకుంటున్నారు. భూమి లెఫ్తేరిస్‌దే. నీళ్ళు టామ్సిన్‌వే. ఎవరిది వాళ్ళదే. కానీ ఏం జరిగినా, ఎవీకి ఇరవై ఒకటి నిండేదాకా ఆ నీళ్ళు ఈ చెట్లకే పారాలి, ఈ భూమి టామ్సిన్ ఒప్పుకోకుండా అమ్మకూడదు. ఆమె వీలునామా కూడా దీన్నిబట్టే మారుతుంది. ఇంకోటి ఉంది. దానికి వేరే పత్రం రాయాలి, దాని కోసం మీరు మీ సొంత లాయరుని పెట్టుకోవాలి."

"నేనా? నాకెందుకు?"

"మీరు బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు మీది. వీళ్ళిద్దరూ కలిసున్నా, విడిపోయినా, అమ్ముకున్నా. ఇంటి చుట్టూ ఉన్న పది వరసల చెట్లకి నీళ్ళతో సహా." ప్రిడిల్ కళ్ళద్దాలు తీసింది. "ఒకటి అడుగుతాను. ఇప్పుడు మీ పేరు మీద ఏముంది?"

"ఏముండడమేంటి? అన్నీ..." అని ఎవ్దోకియా ఆగింది.

స్తమాతిస్ పోయాక తోట కొడుక్కి వచ్చింది. ఇల్లు తోటలోదే. డూకాస్ చూపించిన చోటల్లా ఆమె సంతకం పెట్టింది, కొడుకే కదా అని. కారు కూడా లెఫ్తేరిస్ పేరు మీదే.

"ఏమీ లేదు," అంది నెమ్మదిగా. "కోళ్ళ గూడు రాయించాను. నన్ను రాయించుకోలేదు."

ఆమె కొడుకు వైపు తిరిగింది. "నువ్వు రాయమన్నావా, నా సంగతి?"

లెఫ్తేరిస్ తల దించుకున్నాడు. "నాకు తట్టలేదమ్మా. నీ ఇల్లు నీదే కదా అనుకున్నాను. రాయమన్నది టామ్సిన్."

ఎవ్దోకియా కోడలి వైపు చూడడానికి చాలాసేపు పట్టింది.

"ఎందుకు?" అంది. "నేను నీకు చేసిందానికి, ఎందుకు?"

టామ్సిన్ వేళ్ళు ముడివేసుకుని కూర్చుంది. "మా తాత నీళ్ళు దాచుకున్నాడు కానీ చెట్లు దాచుకోలేకపోయాడు. తోట పీకించేశాక మా నానమ్మని పట్నంలో చిన్న ఇంట్లో పెట్టారు. ఆవిడ రోజూ పొద్దున్నే లేచి కిటికీ తెరిచేది. పూల వాసన రాదు కదా. మళ్ళీ మూసేది. రోజూ అంతే, పోయేదాకా." అత్తగారి వైపు తిరిగింది. "మీరు పొద్దున్నే వంటింటి కిటికీ తెరుస్తారు చూడండి, నేను కాఫీ తాగుతున్నట్టు కూర్చుని అదే చూస్తుంటాను. ఆ కిటికీ మూతపడటం ఇంకోసారి చూడలేను. అంతే."

ఎవ్దోకియా ఏడ్చింది. దాచుకోవడానికి అక్కడ తోమే గిన్నెల్లేవు. అందరి ముందూ, డూకాస్ ముందూ, పేరు కూడా సరిగ్గా తెలియని లాయరమ్మ ముందూ ఏడ్చింది. తర్వాత సంచీలోంచి పాత కాగితం తీసి నిలువునా చింపింది. మళ్ళీ అడ్డంగా చింపింది.

"మిసెస్ కలాండిస్," అంది ప్రిడిల్ ఇబ్బందిగా, "చింపితే రద్దు కాదు. దాన్ని రద్దు చెయ్యడానికి కూడా ఒక కాగితం ఉంది."

టామ్సిన్‌కి ఏడుపులోంచి నవ్వొచ్చింది. లెఫ్తేరిస్‌కీ వచ్చింది. చింపిన ముక్కలు పట్టుకుని ఎవ్దోకియా మాత్రం నవ్వలేదు.

"అయితే అదీ రాయండి. కానీ ఇవాళ ఎవరూ సంతకం పెట్టొద్దు."

అందరూ తెల్లబోయారు. "అమ్మా, మళ్ళీ ఏంటి?" అన్నాడు లెఫ్తేరిస్.

"ఇవాళ వద్దు. పిల్లా, ఇది ఇంటికి పట్టుకెళ్ళు. తీరిగ్గా చదువుకో. మీ అమ్మకి చూపించు. మీ అన్నయ్య తిడితే అదీ విను. నీకు నచ్చనిది ఒక్క మాటున్నా కొట్టెయ్యి, నా ఇంటి సంగతైనా సరే. నీకు నాలుగు రోజులే ఇచ్చాను అప్పుడు. ఇప్పుడు నాలుగు నెలలు తీసుకో." ఊపిరి పీల్చుకుంది. "సంతకం పెట్టాక చెబితే ఇంటి కోసం చెప్పినట్టుంటుంది. అందుకే ముందే చెబుతున్నాను. ఆ మంగళవారం నేను చేసింది తప్పు. మీ అమ్మ ముందు చేశాను. మీ అమ్మ దగ్గరికి కూడా నేనే వచ్చి చెబుతాను. నన్ను క్షమించు."

టామ్సిన్ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. అత్తగారి భుజం మీద తల ఆనించి నిలబడింది. ఎవ్దోకియా చేతిలో ఇంకా ఆ కాగితం ముక్కలే ఉన్నాయి. వాటితోనే కోడలి వీపు నిమిరింది.

శనివారం తోట తడపాల్సిన రోజు. పొద్దున్నే ఎవ్దోకియా కిటికీ తెరిచి, కాఫీ పొంగించి, పన్నెండేళ్ళకి పైగా ముట్టుకోని కాలువ ట్రస్టు నంబరు కలిపింది. అటు ఎవరో చిన్నమ్మాయి.

"బారమెరా తోటకి ఆరు గంటల నీళ్ళు కావాలి," అంది ఎవ్దోకియా.

"ఇప్పుడందరూ కంప్యూటర్లోనే అడుగుతున్నారండీ. సరే, ఎవరి పేరు మీద?"

నలభై మూడేళ్ళ అలవాటు ‘కలాండిస్’ అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"టామ్సిన్ మాడ్డర్న్. నేను ఆవిడ అత్తగారిని."

"ఆ... ఉంది. కానీ వాటాదారు ఒప్పుకోవాలండీ. ఆవిడ ఉన్నారా?"

"ఉంది. అడిగి చెబుతాను, ఉండు."

టామ్సిన్ నోట్లో పళ్ళ బ్రష్షుతో, చెదిరిన జుట్టుతో, ఎవీ రెండో చెప్పు వెతుకుతూ నడవలో కనిపించింది. ఎవ్దోకియా ఫోను గుండెకి అదుముకుని ఆమె ఎదురుగా వెళ్ళి నిలబడింది. ఈ ఇంట్లో ఆమె ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఇవాళ ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"అమ్మాయ్, చెట్లు ఎండుతున్నాయి. నీ నీళ్ళు పెట్టుకోనా?"

టామ్సిన్ బ్రష్షు తీసి చేత్తో పట్టుకుంది. కళ్ళు నిండిపోయాయి.

"పెట్టండి యాయా," అంది.